నా తోడికోడలి గొంతు

ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చిన మూడో రోజే పాడింది. నేను వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతున్నాను. మగ్గాల గదిలో మా అత్తమ్మ పక్కన కూర్చుని ఆమె నూలు కండెలు చుడుతోంది. కాసేపు రాట్నం చప్పుడే వినిపించింది, తర్వాత దాని మీదుగా పాట లేచింది. నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్లు పాడుకునే పాట. ఒకరు అంటే మిగతావాళ్లు అందుకోవాలి. అందుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి రెండు వంతులూ తనే పాడుకుంటోంది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆవాలు మాడిపోయాయి.

మా అత్తమ్మ పని ఆపి వింటోందని అర్థమైంది, ఆమె చేతి గాజుల చప్పుడు ఆగిపోయింది కనుక. పాట అయ్యాక, "మల్ల పాడు బిడ్డా" అంది.

పెళ్లయి పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో రోజూ సాయంత్రం హార్మోనియం ముందు కూర్చుని పాడిన నన్ను, "మల్ల పాడు" అని అత్తమ్మ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అన్నం తింటూ పప్పు మాడిందేమిటని మా ఆయన అడిగితే, గ్యాస్ మంట ఎక్కువైందని చెప్పాను.

నా సంగతి కొంత చెప్పాలి. మా బాపు, అంటే నాన్న, మా అత్తింటివాళ్లలాగే నారాయణపేటలోనే నేతపని చేసేవాడు. మా వీధిలో ప్రతి శనివారం జరిగే భజనలో హార్మోనియం వాయించేది ఆయనే. దాన్ని అందరూ పెట్టె అనే అనేవాళ్లు. నాకు ఆరేళ్లున్నప్పుడు బాపు నన్ను ఒడిలో కూర్చోబెట్టుకుని ముందు గాలి నింపే తిత్తి కొట్టడం, ఆ తర్వాత మెట్ల మీద వేళ్లు పెట్టడం నేర్పాడు. పండుగలకు వీధిలో వేసే నాటకాల్లో చిన్నపిల్లల వేషాలన్నీ నావే. ముఖానికి రంగు పూసేవాళ్ల తడి వేళ్లు, ఆ పౌడరు వాసన, తెర వెనుక నిలబడి నా వంతు ఎప్పుడొస్తుందా అని వినడం, ఇవి లేకుండా నా చిన్నతనం నాకు గుర్తుకే రాదు. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. తర్వాత ఒక రోజు పొద్దున మగ్గం దిగి వచ్చి బాపు అన్నాడు: "ఇగ స్టేజి వద్దు బిడ్డా. ఇంట్ల వాయించుకో, ఎవలు వద్దంటరు?" కోపంగా అన్నా బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని. ఆయన బతిమాలుతున్నట్టు అన్నాడు.

స్టేజి పోయినా సంగీతం మిగిలింది. డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారాలు బస్సెక్కి మహబూబ్‌నగర్ వెళ్లి నేర్చుకున్నాను. పరీక్షలు రాసి సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను. మా గురువుగారు ఉన్నమాట చెప్పే మనిషి. "నీకు చెవి ఉందమ్మా. గొంతును మాత్రం కష్టపెట్టాల్సిందే" అనేవారు. కష్టపెట్టాను. పెళ్లయ్యాక, బడిలో తెలుగు టీచరుగా చేరాక కూడా మానలేదు. నా గొంతు తప్పు పలకదు, తాళం తప్పదు. విన్నవాళ్లందరూ ఒకే మాట అనేవాళ్లు: "మంచిగ నేర్చుకున్నది." దాన్ని నేను ఎన్నో ఏళ్లు పొగడ్త అనుకున్నాను. తోడికోడలు పాడినప్పుడు మనుషులు చేతిలో పని వదిలేయడం చూశాక ఆ పొగడ్త నాకు చేదైపోయింది.

ఆమెది ఆత్మకూరు దగ్గర ఊరు. వాళ్లూ మా వాళ్లే. కానీ తాతల నాడే మగ్గం వదిలి వ్యవసాయంలోకి దిగిన కుటుంబం. పొలంలో కూలీల పక్కన వంగి నాట్లేస్తూ ఆడవాళ్ల పాటలన్నీ పట్టేసింది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. శ్రుతి అంటే ఏమిటో తెలియదు. ఒకసారి నన్నే అడిగింది, "అక్కా, పాడేముందు గా పెట్టెను ఊకె ఒత్తుకుంట కూసుంటవు, ఎందుకు?" అని.

చెప్పాను. ఒక్కొక్కరి గొంతు హాయిగా నిలిచే ఎత్తు ఒకటి ఉంటుంది, పెట్టె మీద ఆ ఎత్తు పలికే మెట్టును పట్టుకుని పాడతాం, దాన్నే శ్రుతి అంటాం అని. నాది ఆరు శ్రుతి, తెల్ల మెట్టు. ఆమె చేత పాడించి చూస్తే నాలుగున్నర వచ్చింది, నాకన్నా కిందున్న నల్ల మెట్టు. ఆ మెట్టు ఏదో ఆమెకు చూపించలేదు. అడగలేదు కాబట్టి చూపించలేదని అప్పట్లో అనుకున్నాను.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఎక్కడ చూసినా సభలు, పాటలు, ఆటలు. ఆడవాళ్లు కాళ్లకు గజ్జెలు కట్టి వేదికల మీద పాడుతుంటే బాపు టీవీ ముందు నుంచి లేచేవాడు కాదు. ఒకసారి నేను పుట్టింటికి వెళ్లినప్పుడు, కళ్లు టీవీ మీద నుంచి తిప్పకుండానే, "నిన్ను ఆపకుండ ఉండాల్సుండె" అన్నాడు. ఆ మాటతో నాకు ఆశ పుట్టింది. తర్వాత నారాయణపేట జిల్లా అయింది. ఆ వెంటనే కరోనా. అది సద్దుమణిగాక, మా పేటలో రిటైరైన తెలుగు పండితుడు ఒకాయన నాటకం రాశాడు. ఆయన్ను అందరం సారు అనే పిలుస్తాం. మరమగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండి పోయి తిరిగిరాని మగణ్ని వెతుక్కుంటూ బయల్దేరిన ఒక నేత ఇల్లాలి కథ అది. ఆ ఇల్లాలికి మూడు పాటలున్నాయి. మూడోది, భివండిలో మగని గది తలుపు దగ్గర నిలబడి పాడేది, నాటకానికి ప్రాణం.

ఆ వేషం సారు నాకిచ్చాడు. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. పాతికేళ్ల తర్వాత మళ్లీ ముఖానికి రంగు పడబోతోంది. ఆ వారమంతా బడిలో నేనేం పాఠం చెప్పానో నాకే తెలియదు.

సారు ఇంటి డాబా మీద సాయంత్రాలు రిహార్సల్ జరిగేది. పాటలకు వరసలు నేనే కట్టాను, నా ఆరు శ్రుతికి సరిపడేట్టు. తోడికోడలు రోజూ నాతో వచ్చేది. ఫ్లాస్కులో చాయ్ తెచ్చి అందరికీ పోసి, ఒక మూల గోడకానుకుని కూర్చునేది. నెల తిరిగేసరికి నాటకమంతా ఆమెకు నోటికి వచ్చేసిందని నాకు తెలియదు.

ఒక సాయంత్రం నాకు జలుబు చేసి గొంతు పట్టేసింది. మగడి వేషం వేసే ఆయనకు ప్రాక్టీసు ఆగిపోతోందని సారు చికాకు పడ్డాడు. "ఎవరన్నా పాట అందియ్యుండ్రి, ఊకె లైన్లు అందిస్తే చాలు" అన్నాడు. ఎవరికీ రాదు. మూల నుంచి ఆమె, "నాకు వస్తది సారూ" అంది.

కూర్చున్న చోటు నుంచి లేవకుండానే మూడో పాట పాడింది. నేను పెట్టిన గమకాలు సగం లేవు. ఒకచోట మాట కూడా మార్చేసింది. మగడి వేషం వేసే ఆయన తన డైలాగు చెప్పాల్సిన చోట చెప్పకుండా ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. సారు కుర్చీలోంచి లేచి డాబా అంచు దాకా నడిచి వెళ్లి, అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. నేను పెట్టె ముందు కూర్చుని, ఆమె ఏ మెట్టు మీద పాడుతోందో వెతికితే, వేలు మళ్లీ నాలుగున్నర దగ్గరే ఆగింది.

మర్నాడు పొద్దున్నే సారు మా ఇంటికి వచ్చాడు. నేను బడికి తయారవుతున్నాను. ఆయన మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక చాయ్ రెండుసార్లు అడిగి తాగాడు.

"అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నీకు చెప్పాలంటే నాకు బాధున్నది. గా వేషం మీ చెల్లెకు ఇద్దామనుకుంటున్న. హార్మోనియం వాయిస్తనన్నాయన కూడ వస్తలేడు. పెట్టె మీద నీ అంత చెయ్యి తిరిగినోళ్లు మనకు లేరు. నువ్వు పెట్టె ముందు కూసుంటే ఇద్దరు అక్కచెల్లెండ్లు కలిసి నాటకం లేపుతరు."

అందరూ అక్కడే ఉన్నారు. మా ఆయన, మరిది, అత్తమ్మ. తోడికోడలు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"అక్కా, నువ్వు వద్దంటే నేను పాడ. ఒట్టు" అంది.

నిజంగానే అడిగింది. నేను వద్దంటే మళ్లీ ఆ మాట ఎత్తేది కాదు. నేను నవ్వాను. "నాదేమున్నది చెల్లె, నువ్వే పాడు. నాటకం మంచిగ రావాలె గద" అన్నాను. బడికి పోయి, రెండో పీరియడ్‌లో పిల్లలకు డిక్టేషన్ ఇచ్చి, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

పాటల వరసలన్నీ ఆమె నాలుగున్నర శ్రుతికి దించాను. ఆ తర్వాత రెండు నెలలు నేను మంచిదానిగా కనిపిస్తూ చేసిన చిన్న చిన్న పనులు రాయాలంటే సిగ్గేస్తుంది. అందరి ముందు తాళం తప్పావని ఆపేదాన్ని. ఆమెకు అర్థంకాని సంగీతం మాటలు వాడి, అర్థం చెప్పకుండా ముందుకు పోయేదాన్ని. ఒక్క రోజు కూడా బాగుందని అనలేదు. ఆమె అదంతా చదువు చెప్పడమే అనుకుంది. ఇంటికొచ్చిన వాళ్లతో, "అక్క లేకుంటే నాకు తాళం యాడిది? పట్టుబట్టి నేర్పుతాంది" అని చెప్పేది. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా ఆమె మీద ఇంకా కోపం వచ్చేది. ఆమె ఒక్కసారి గర్వంగా మాట్లాడితే బాగుండునని ఎదురు చూశాను. మాట్లాడలేదు.

ఇంట్లో పెట్టె ముట్టడం మానేశాను. మా ఆయన గమనించాడు. "ఏమైంది నీకు? సాయంత్రం పూట ఇల్లు సప్పుడు లేకుంట ఉంటున్నది" అన్నాడు.

"మీ మరదలు పాడుతాంది గద, వినుండ్రి" అన్నాను.

మేం నాటకం వేయబోయే పోటీలు మహబూబ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. మాకు మధ్యాహ్నం రెండింటికి వంతు వచ్చింది. పొద్దున బస్సులో అందరం కలిసి వెళ్లాం. స్టేజి వెనుక చిన్న గదిలో ఆమెకు చీర నేనే కట్టాను. మా మరిది నేసిన చీర, ముదురు ఆకుపచ్చ, ఎర్ర అంచు. కుచ్చిళ్లు పెడుతుంటే ఆమె నా భుజం పట్టుకుంది. "భయమైతాంది అక్కా" అంది. "నేను పక్కనే ఉంట గద" అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను. ఏ దురాలోచనా లేదు.

మొదటి పాటకు జనం సర్దుకుని కూర్చున్నారు. రెండో పాట అయ్యాక చప్పట్లు ఆగలేదు. ముందు వరుసలో ఒక ముసలావిడ కుర్చీలోంచి లేచి రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టింది. స్టేజి మూల పెట్టె ముందు కూర్చున్న నన్ను ఎవరూ చూడలేదు. చూడరు కూడా, హార్మోనియం వాయించేవాళ్లను ఎవరు చూస్తారు. ఆ చప్పట్లు నావి. ఆ వరసలు నావి. ఆ ముసలావిడ దండం నాకు రావాల్సింది. నాలో ఇవే మాటలు తిరిగాయి, ఇంతకన్నా పెద్ద ఆలోచనేమీ లేదు.

మూడో పాట వచ్చింది. ఆమె తలుపు ముందు నిలబడింది. పాట ఎత్తుకునే ముందు నేను శ్రుతి ఇవ్వాలి. నా వేలు నాలుగున్నర నల్ల మెట్టు మీద ఉంది. దాన్ని తీసి ఆరు మీద పెట్టి వాయించాను.

చాలా కాలం నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, చెయ్యి అలవాటుకొద్దీ పోయిందని. ఆ పాట వరస కట్టింది ఆరులోనే కదా అని. అబద్ధం. నల్ల మెట్టు నా కంటికి కనిపించింది. వేలు ఎత్తడం కనిపించింది. ఎత్తి, ఒక్క ఊపిరి సేపు ఆగి, అప్పుడు పెట్టాను.

ఆమెకు శ్రుతి తెలియదు. పెట్టె ఎక్కడ పలికితే అక్కడ ఎత్తుకోవాలని నేనే నేర్పాను. ఎత్తుకుంది. మొదటి రెండు చరణాలు గొంతు బిగించి లాగింది. పైస్థాయిలో మగణ్ని పేరు పెట్టి పిలిచే చోట గొంతు చీలిపోయింది. పిలుపు సగంలో తెగి, కీచుమంది. వెనుక వరుసల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది. ఆమె నా వైపు తిరిగి చూసింది. ఆ చూపులో అనుమానం లేదు, సాయం అడగడమే ఉంది. నేను తల దించుకుని తిత్తి కొట్టాను. మిగతా పాట ఆమె మాటల్లాగా చెప్పేసి ముగించింది.

మాకు ఏ బహుమతీ రాలేదు. నేను పెట్టెకు గుడ్డ చుడుతుంటే న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మూడో పాటకు శ్రుతి ఎందుకు మార్చినవు?"

"చెయ్యి అలవాటుగ పోయింది సార్."

"అలవాటుగానా" అన్నాడు. కాసేపు నా చేతుల వైపు చూసి వెళ్లిపోయాడు. ఆయనకు తెలిసిపోయింది.

తిరుగు బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది. దేవరకద్ర దాటాక నా భుజం మీద తల పెట్టి, "అందరి కష్టం ఖరాబ్ చేసిన అక్కా. నువ్వు అంత నేర్పితివి. నా గొంతే మోసం చేసింది" అంది.

"పోనీలే, ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆ రోజు నుంచి ఆమె పాడలేదు. కండెలు చుట్టేటప్పుడు కూడా. గొంతులో ఏదో రోగం ఉందని ఆమెకు భయం పట్టుకుంది. మా మరిది దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు టార్చి వేసి చూసి ఏమీ లేదన్నాడు. అయినా మిరియాల కషాయం తాగేది, చల్లనీళ్లు మానేసింది. అత్తమ్మ బతిమాలింది. "వస్తలేదు అత్తమ్మా" అనేది, అంతే.

మొదటి రెండు వారాలు నేను సుఖంగా ఉన్నాను. ఇది దాచను. మళ్లీ పెట్టె తీశాను. ఇంట్లో వినిపించే పాట మళ్లీ నాదే. పొద్దున్నే లేవగానే మనసు తేలిగ్గా ఉండేది, ఎందుకో గుర్తు రావడానికి ఒక నిమిషం పట్టేది.

తర్వాత సారు అదే నాటకాన్ని మా పేటలో వేయిద్దామన్నాడు. వేషం తిరిగి నాకే వచ్చింది. నేను ఇంత కాలం కోరుకున్నది అదే. ముఖానికి రంగు వేసుకున్నాను, స్టేజి మీద నిలబడ్డాను, నా ఆరు శ్రుతిలో మూడు పాటలూ ఒక్క తప్పు లేకుండా పాడాను. చప్పట్లు కొట్టారు. బాపు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. బయటికి వస్తుంటే ముగ్గురు ఆడవాళ్లు నా ముందే నడుస్తూ మాట్లాడుకుంటున్నారు.

"టీచరమ్మ మంచిగనే నేర్చుకున్నది."

"గా చిన్న కోడలు పాడుంటే ఎట్లుండెనో. పాపం, గొంతు పోయిందంట."

అప్పుడర్థమైంది, ఆమె నోరు మూయించి కూడా నేను గెలవలేదని. పాడని ఆమె కూడా నాకన్నా ముందే ఉంది. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆమె నాకు నెయ్యి వడ్డిస్తూ, "మస్తు పాడినవ్ అక్కా. నేను నోట్లనే నీతోని పాడుకున్న" అంది.

ఇంకో రెండు నెలలు మోశాను. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, మగవాళ్లు బయటికి పోయినప్పుడు, పెట్టె పట్టుకుని మగ్గాల గదిలోకి వెళ్లాను. ఆమె రాట్నం ముందు ఉంది. నేను నాలుగున్నర మెట్టు పట్టి మూడో పాట వరస వాయించాను.

"వద్దక్కా. రాదు."

"వస్తది. నీ గొంతుకు ఏం కాలేదు చెల్లె. గా రోజు నేను మెట్టు మార్చిన. నీకు అందకుండ పైకి పెట్టిన."

రాట్నం ఆగింది.

"పొరపాటున పెట్టినవా?"

అలాగే అనేయొచ్చు. ఆమె నమ్మేది.

"కాదు. తెలిసే పెట్టిన."

"ఎందుకు?"

"నువ్వు నాకంటే మంచిగ పాడుతున్నవని."

ఆమె చేతిలోని కండెను జాగ్రత్తగా పక్కన పెట్టింది. లేచి బయటికి వెళ్లింది. బావి గచ్చు దగ్గర ముఖం కడుక్కోవడం వినిపించింది. చాలాసేపు కడుక్కుంది.

నెలన్నర నాతో మాట్లాడలేదు. వంట చేసేది, నా పళ్లెంలో అన్నం పెట్టేది, నా బట్టలు ఆరితే తీసి మడత పెట్టేది. మాట మాత్రం లేదు. అక్కా అన్న పిలుపు ఆగిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏమైందని అత్తమ్మ గుచ్చి గుచ్చి అడిగితే, "ఏం లేదు" అంది. చెప్పేసి నా పరువు తీస్తే నాకు తేలికయ్యేది. ఆ తేలిక ఆమె నాకు ఇవ్వలేదు.

ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి పెట్టె హాల్లో చాప మీద ఉంది. ఆమె దాని ముందు కూర్చుని ఉంది.

"గీ పెట్టె మీద నా జాగా ఏదో చూపియ్యి" అంది.

సంచీ కింద పెట్టి, చెప్పులు విప్పి వచ్చి, ఆమె వేలు పట్టుకుని నల్ల మెట్టు మీద పెట్టాను. ఆమె వేలు తీసి, తనే మళ్లీ వెతికి పెట్టింది. కళ్లు మూసుకుని ఇంకోసారి పెట్టింది.

"దీనికి పైన పెడితే ఎట్ల వినవడతది? కింద పెడితే ఎట్ల?"

అన్నీ వినిపించాను. పైన ఉన్న ఆరు వినిపించినప్పుడు ఆమె తల పైకెత్తి నా ముఖంలోకి చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. ఎన్నో రోజుల తర్వాత ఆమె గొంతు విన్నాను, ఒకే ‘ఆ’ సాగదీస్తూ, కిందనుంచి పైదాకా. అది ఎక్కడా చెదరలేదు. నాలో పాత కుళ్లు అలాగే లేచింది. నేర్పుతున్న చేతులు మాత్రం ఆగలేదు.

నెల రోజుల్లో ఆమె శ్రుతి పట్టడం నేర్చుకుంది. ఎవరు ఎక్కడ మార్చినా ఒక్క క్షణంలో చెప్పేది. చివరి రోజు పెట్టె మూస్తూ అంది:

"ఇగ పాడుత అక్కా. సారుకు చెప్పు. నువ్వు వాయిస్తే మాత్రం పాడ."

మళ్లీ అక్కా అన్నందుకు సంతోషించాలో, ఆ చివరి మాటకు ఏడవాలో తెలియలేదు. "సరే" అన్నాను.

ఇప్పుడు ఆమె చుట్టుపక్కల జిల్లాలన్నీ తిరిగి పాడుతోంది. సారు నాటకమే కాక వేరే బృందాలు కూడా పిలుస్తున్నాయి. ఇంట్లో మేం మాట్లాడుకుంటాం, నవ్వుకుంటాం, నా తలకు రంగు ఆమే వేస్తుంది. ఆ షరతు మాత్రం ఇప్పటికీ సడలించలేదు. ఒకసారి అడుగుదామని నోటిదాకా వచ్చి మింగేశాను.

పోయిన ఏడాది నల్లగొండ పక్కన పానగల్లులో కార్యక్రమం ఉంటే నేనూ వెళ్లాను. గుళ్ల దగ్గర ఖాళీ జాగాలో షామియానా వేశారు. కుర్చీల్లో జనంతో పాటు కూర్చున్నాను. పెట్టె ముందు ఒక కుర్రవయసు దాటిన మనిషి, లావు కళ్లద్దాలవాడు. నాలుగున్నర ఇచ్చాడు. ఆమె మెట్టు విని, తల ఊపి, ఎత్తుకుంది. నేను ఆమె గొంతు కోసమే చెవులు పెట్టుకుని వచ్చాను. కానీ కళ్లు ఆ మనిషి వేళ్ల మీదికే పోయాయి. ఆమె ఊపిరి పీల్చుకునే చోట ఆగుతున్నాడు. ఆమె సాగదీసిన చోట మెల్లగా కింది స్వరం ఆనిస్తున్నాడు. ఆమె ఒకసారి అతని వైపు చూసి కొంచెం నవ్వింది, అతనూ నవ్వాడు. ఆ గొంతు కింద చేతులు పెట్టి మోసే పని ఒకప్పుడు నాది. అప్పుడు దాన్ని నేను శిక్ష అనుకున్నాను. ఆమె గొంతు మీద పడ్డ కుళ్లు కన్నా, ఆ రోజు ఆ అద్దాలవాడి మీద పడ్డ కుళ్లు నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ పాటయ్యాక విరామం ఇస్తే స్టేజి వెనక్కి వెళ్లాను. ఆమె చుట్టూ జనం మూగారు. అతను ఒక పక్క నిలబడి బాటిల్‌తో నీళ్లు తాగుతున్నాడు. నేనెవరో చెప్పుకుని, "ఆమె పైకి పోయెటప్పుడు జర ముందుగాల్నే తిత్తి తగ్గించుండ్రి. పెట్టె సప్పుడు ఎక్కువైతే గొంతును తొక్కుతది" అన్నాను.

"మంచిమాట చెప్పినవమ్మా. నువ్వు వాయిస్తవా?" అని అడిగాడు.

"ఇంట్ల వాయించుకుంట" అన్నాను.

రెండో పాటకు అతను నేను చెప్పినట్టే తిత్తి తగ్గించాడు. గొంతు ఒక్కసారిగా విప్పుకుంది. ఆమె ఆశ్చర్యపోయి పెట్టె వైపు చూసి, పాడుతూనే ఎవరి కోసమో వెతుకుతున్నట్టు జనంలోకి చూసింది. నేను ఎక్కడ కూర్చున్నానో ఆమెకు కనిపించిందో లేదో తెలియదు. నేనైతే ఆ పాట అయ్యేదాకా అతని చేతుల మీద నుంచి కళ్లు తీయలేదు.